మోదుగ మీద కొమ్ముల పురుగు: అది దాని చెట్టేనా, ఊరికే వచ్చి వాలిందా?

ఉద్దానం కుర్రోడు: మందస దగ్గర కొండవార మోదుగ మొక్క మీద వడ్లగింజంత పురుగులు రెండు కనబడ్డాయి. దూరం నుంచి ముళ్ళే అనుకున్నాను. వేలు పెట్టబోతే కాడ చుట్టూ అవతలికి తిరిగిపోయాయి. ముందు రెండు కొమ్ములు, వీపు పొడుగునా వెనక్కి సాగిన పలక. ఆక్సిరాకిస్ అనే కొమ్ముల పురుగు రకమని నా అనుమానం. ఇవి తుమ్మ మీద ఉంటాయంటారు కదా, ఇవి రసం తాగి బతికే చెట్లలో మోదుగని కూడా రాసుకోవచ్చేటి?

టెక్కలి మేష్టారు: తొందరేటి బాబూ? రెక్కలున్న పురుగు ఎక్కడైనా వాలుతుంది. ఒకటి నా సైకిల్ హ్యాండిల్ మీదా వాలింది, దాన్నీ రాసేద్దామా? రెక్కలు రాని పిల్లలు ఉన్నాయా? అవి 5 సార్లు కుబుసం విడుస్తాయి, ఆ పొట్టు కాడకే అంటుకుని ఉంటుంది. అది చూపించు, ఒప్పుకుంటాను.

పెసరచేను: మేష్టారూ, మరీ బిగించేస్తున్నారు. ఓటినోటస్ అనే కొమ్ముల పురుగు కంది మీద బతుకుతుంది. కంది, తుమ్మ, మోదుగ మూడూ చిక్కుడు కుటుంబమే. మోదుగ రసం లక్క పురుగుకి పడినప్పుడు దీనికెందుకు పడదు?

టెక్కలి మేష్టారు: పడొచ్చు. పడుతుందన్నంత మాత్రాన తాగినట్టా? ఆడ లక్క పురుగు ఒకసారి కుదురుకుందంటే చచ్చేదాకా అక్కడే. ఇది ఎగిరే జీవి.

నాగావళి ఒడ్డు: చీమలున్నాయా? రసం తాగితే తీపి నీరు వదుల్తాయి, దానికోసం చీమలు కాపలా కాస్తాయి.

ఉద్దానం కుర్రోడు: ఇవాళ మళ్ళీ వెళ్ళాను. మోదుగ మీద చీమల్నేవు, పొట్టూ నేదు. నాలుగడుగుల అవతల సర్కారు తుమ్మ ఉంది, మొన్న చూసుకోనేదు, తప్పు నాదే. దాని లేత కొమ్మ మీద పిల్లలు వరసగా అతుక్కుని ఉన్నాయి, చుట్టూ నల్లచీమలు. కానీ మోదుగ కాడ మీద సన్నటి గాటు ఒకటి, అక్కడ ఆవగింజంత ఎర్ర బంక. ఆడది గుడ్లు పెట్టడానికి కోసిందేమో?

టెక్కలి మేష్టారు: మేక కొరికినా, నీ గోరు గీసుకున్నా మోదుగ ఎర్రగానే కారుతుంది.

పెసరచేను: ఆ కాడకి దోమతెర గుడ్డ చుట్టేయ్ కుర్రోడా. లోపల పిల్లలు తేలితే మేష్టారి చేత అరకేజీ పలాస జీడిపప్పు కొనిపిద్దాం.

ఉద్దానం కుర్రోడు: కట్టేశాను. ఆ రెండింటినీ తరిమేసి మరీ కట్టాను, రేపు మేష్టారు పేచీ పెట్టకుండా.