నీళ్ళ పక్కన గ్రావెల్ రైడ్, మొదటిసారి నాలుగు రోజులు: ఏ రూటు మంచిది?

మట్టిబాట:
అందరికీ నమస్తే. గ్రావెల్ బైక్ (మట్టి, కంకర దారుల మీద తొక్కే సైకిల్) తీసుకుని ఆరు నెలలైంది, ఇప్పటిదాకా ఒక్కరోజు రైడ్లే, ఎక్కువలో ఎక్కువ 70 కిలోమీటర్లు. ఇప్పుడు బ్యాగులు కట్టుకుని వరసగా నాలుగు రోజులు తొక్కాలని గట్టిగా ఉంది. కొండలెక్కే సరదా నాకు లేదండీ, పక్కన నీళ్ళు కనిపిస్తుండాలి, చెట్లు ఉండాలి, కార్లు ఉండకూడదు, అంతే. మ్యాపులు ముందేసుకుని కూర్చుంటే చివరికి మూడు మిగిలాయి. ఫ్రాన్స్‌లో కెనాల్ ద్యు మిది, జర్మనీ ఆస్ట్రియా స్విట్జర్లాండ్ మూడిటి మధ్యలో ఉన్న కాన్‌స్టాన్స్ సరస్సు చుట్టూ లూపు, అమెరికాలో సీ అండ్ ఓ (చెసపీక్ అండ్ ఒహాయో) కెనాల్, పిట్స్‌బర్గ్ నుంచి వచ్చి కంబర్లాండ్‌లో దానికి కలిసే గ్రేట్ అలెగెనీ ప్యాసేజ్ దారి. మూడూ చదునే అంటున్నారు కాబట్టి రోజుకి 100 పెట్టుకోవచ్చా? టైర్లు 38 ఎంఎం, సరిపోతాయా? ఏ వైపు నుంచి మొదలెడితే మంచిది? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కాలవగట్టు:
సీ అండ్ ఓ నేను రెండుసార్లు చేశాను, అందుకే దాని గురించి కాస్త ఎక్కువ చెప్తా. వాషింగ్టన్ నుంచి కంబర్లాండ్ దాకా దగ్గర దగ్గర 297 కిలోమీటర్లు, పోటోమాక్ నది పక్కనే. ఒకప్పుడు పడవలకి తాడు కట్టి కంచరగాడిదలు లాక్కుంటూ నడిచిన గట్టు అది, ఇప్పుడు మనం తొక్కేది దాని మీదే. మొత్తం దూరంలో ఎత్తు పెరిగేది 184 మీటర్లే, అదీ 74 లాకుల (పడవల్ని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించే గేట్ల) దగ్గర పంచుకుని పెరుగుతుంది, అంటే కిలోమీటర్ల కొద్దీ బల్లపరుపుగా వెళ్ళి ఒక్కసారి రెండున్నర మీటర్ల చిన్న మిట్ట వస్తుంది, ఎక్కగానే పక్కన పాత లాకు గోడలు, కొన్నిచోట్ల లాకు కాపలాదారు ఉన్న చిన్న ఇల్లు కూడా ఇంకా నిలబడే ఉంటుంది, మళ్ళీ చదును. ఆ లయ అలవాటైతే వదలబుద్ధి కాదు.

కానీ ఒకటి, అది చాలావరకు మట్టి దారి. మొదటిసారి వెళ్ళినప్పుడు ముందురోజు రాత్రి బాగా వాన పడింది, పొద్దున్నే బయల్దేరితే గంటలో బురద ఫోర్కుకీ టైరుకీ మధ్య గట్టిగా ఇరుక్కుని చక్రం తిరగడమే మానేసింది, పుల్ల తీసుకుని గీకడం, పది నిమిషాలు తొక్కడం, మళ్ళీ గీకడం. ఆ రోజు 38 కిలోమీటర్లకే ఆపేశాను. కాబట్టి టైరు వెడల్పు ఒక్కటే చూడకండి, టైరుకి ఫ్రేముకి మధ్య వేలు పట్టేంత ఖాళీ ఉందా అని చూడండి. మీ ఫ్రేములో పడితే 42 గానీ 45 గానీ వేసి గాలి కొంచెం తగ్గించండి, లోపల ట్యూబు ఉంటే మాత్రం మరీ తగ్గించొద్దు, రాయి మీద పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకి నలిగి రెండు చిల్లులు పడతాయి.

ఏటివాలు:
కాలవగట్టు అన్న చెప్పిందానికి నేను కలిపేది సరస్సుల సంగతి. సరస్సు అంటే చదును అనుకుంటాం, ఎందుకంటే నీళ్ళు చదునుగా ఉంటాయి, ఒడ్డు అలా ఉండదు కదా! కాలవ దారి నీటి మట్టాన్ని పట్టుకుని వెళ్ళక తప్పదు, పాత రైలు దారి కూడా ఇంజన్ లాగగలిగినంత వాలులోనే వేస్తారు, సరస్సు చుట్టూ దారికి మాత్రం అలాంటి కట్టుబాటేమీ లేదు. ఒడ్డున ఇళ్ళో తోటలో అడ్డొస్తే దారి మీదికెక్కి మళ్ళీ దిగుతుంది. కాన్‌స్టాన్స్ లూపు 260 కిలోమీటర్ల పైనే, చాలా అందమైన చోటు, కష్టం కూడా కాదు, కాకపోతే అందులో తారు దారి చాలా ఉంది, గ్రావెల్ కోసమే వెళ్తే ఆశపడినంత దొరకదు. డాన్యూబ్ పక్కన పాసావ్ నుంచి వియన్నా దారి కూడా అంతే, చాలావరకు తారే.

నిజంగా సరస్సులూ మట్టీ రెండూ కావాలంటే జర్మనీలో మెక్లెన్‌బర్గ్, పోలండ్‌లో మజూరియా వైపు చూడండి. ఆ సరస్సులన్నీ మంచుయుగంలో హిమానీనదాలు వదిలి వెళ్ళినవి, వాటితోపాటే ఇసక కూడా వదిలేశాయి. అడవి దారిలో హాయిగా పోతూ పోతూ ఉంటే ఉన్నట్టుండి ముందు చక్రం ఇసకలో దిగబడుతుంది. అప్పుడు బ్రేకు పట్టకూడదు, హ్యాండిల్ గట్టిగా బిగించకూడదు, ఒంటి బరువు కొంచెం వెనక్కి వేసి తేలిక గేర్లో ఆపకుండా తొక్కుతూ పోవాలి. 38 టైర్లతో అక్కడ దిగి నడవాల్సి వస్తుంది. మొదటి ట్రిప్పుకి వద్దంటాను, రెండోదానికి తప్పకుండా వెళ్ళండి.

ఎదురుగాలి:
రోజుకి 100 అన్నారే, దయచేసి వద్దు. కొండ దారిలో ఎక్కిన తర్వాత దిగుతాం, దిగేటప్పుడు కాళ్ళకి రెస్టు, చేతులు కదులుతాయి, సీటు మీంచి లేస్తాం. చదును దారిలో అది లేదు, పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకటే భంగిమ, ఒకటే తొక్కుడు. నాకు రెండో రోజు మధ్యాహ్నానికి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కి రాత్రి చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయాను, ట్రిప్పు అయ్యాక కూడా వారం పైన ఉంది. అరచేతి అంచున నరం హ్యాండిల్‌కి నొక్కుకుపోవడం వల్ల వస్తుందది. పావుగంటకోసారి చేతులు మార్చి పట్టుకోండి, అవసరం లేకపోయినా పెడల్స్ మీద లేచి నిలబడండి. 60, 65 చాలు రోజుకి.

ఇక గాలి. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు దాని వర్గంతో పెరుగుతుంది కాబట్టి గంటకి 20 కిలోమీటర్లలో పోతుంటే అదే 20 వేగంతో ఎదురుగాలి వచ్చిందంటే మీ ఒంటికి తగిలేది 40, గాలి అడ్డు నాలుగింతలు. నది లోయల్లో గాలి లోయ వెంబడే వీస్తుంది, తప్పించుకోవడానికి మలుపులు ఉండవు. కెనాల్ ద్యు మిది మీద వాయవ్యం నుంచి సెర్స్, ఆగ్నేయం నుంచి ఓటాన్ అని రెండు పేరున్న గాలులు, కాలవేమో దాదాపు ఆ దిశలోనే ఉంటుంది, వెళ్ళే ముందు ఆ వారం ఏది వీస్తోందో చూసుకుని ఏ చివర మొదలెట్టాలో తేల్చుకోవాలి. టూలూజ్ నుంచి మొదటి 50 కిలోమీటర్లు నున్నగా ఉంటుంది, తర్వాత గట్టు మీద ప్లేన్ అనే నీడ చెట్ల వేళ్ళు దారికి అడ్డంగా పైకి లేచి ఉంటాయి, మణికట్లు అదిరిపోతాయి. నీడ మీద కూడా మరీ ఆశ పెట్టుకోకండి, తెగులు వచ్చి వేల చెట్లు కొట్టేశారు. 1681లో పూర్తయిన కాలవ ఇంకా పడవలు మోస్తోంది, దాని పక్కన తొక్కడం ఒక అదృష్టమే, ఆ మాట మాత్రం నిజం.

మట్టిబాట:
చాలా థాంక్సండీ, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. 100 సంగతి మర్చిపోయాను. నాలుగు రోజులకి 60 చొప్పున లెక్కేస్తే గ్రేట్ అలెగెనీ ఒక్కటే 240 సరిగ్గా సరిపోతోంది, సీ అండ్ ఓ ఇంకోసారికి ఉంచుకుంటా. పిట్స్‌బర్గ్ నుంచా, కంబర్లాండ్ నుంచా?

కాలవగట్టు:
పిట్స్‌బర్గ్ నుంచే. రైలు పట్టాలు తీసేసిన దారి అది, దాదాపు 200 కిలోమీటర్లు నదుల వెంబడి తెలిసీ తెలియకుండా ఎక్కుతూ 729 మీటర్ల దగ్గరికి వెళ్తారు, అక్కడ ఖండాన్ని విడదీసే జలవిభాజకం, ఇటు పడ్డ వాన మెక్సికో సింధుశాఖకి, అటు పడ్డది అట్లాంటిక్‌కి. అక్కణ్ణుంచి 38 కిలోమీటర్లు కంబర్లాండ్ దాకా పల్లమే. కంబర్లాండ్ నుంచి మొదలెడితే ఆ 38 మొదటి రోజే ఎక్కాలి. పైన సున్నపురాయి పొడి పరిచి గట్టిపరిచిన దారి, వానకి నీళ్ళు దిగిపోతాయి, మీ 38 టైర్లు దానికి చక్కగా చాలు.

రెండు విషయాలు గుర్తుంచుకోండి. జలవిభాజకం దాటగానే బిగ్ శావేజ్ సొరంగం, కిలోమీటరు పొడవు, చలికాలమంతా మూసేస్తారు, తెరిచే తేదీ చూసుకునే వెళ్ళండి. లోపల ఎండాకాలంలో కూడా చల్లగా తగులుతుంది, జాకెట్ బ్యాగు అడుగున పెట్టొద్దు. రెండోది, ఆ తెల్లపొడి తడిస్తే చైనుకి సిమెంటులా పడుతుంది, వాన తగిలిన సాయంత్రం ఎంత అలసటగా ఉన్నా బాటిల్లో నీళ్ళు పోసి చైను కడిగి, తుడిచి, నూనె వేసి పడుకోండి, తెల్లారాక చేద్దామంటే అప్పటికి గడ్డకట్టి ఉంటుంది.