షష్టిపూర్తి కార్డులు, ఆల్బం: మడత పగులుతోంది, పేజీలు ముడతలు పడుతున్నాయి

కాకినాడ_కాగితాలు:

అమ్మానాన్నల షష్టిపూర్తికి రెండు పనులు పెట్టుకున్నాను. దగ్గరివాళ్లకి ఇవ్వడానికి చేత్తో చేసిన కార్డులు 40. వాళ్లిద్దరికీ ఇవ్వడానికి 10 అంగుళాల చదరపు స్క్రాప్‌బుక్ ఒకటి, 20 షీట్లు, ముందూ వెనకా కలిపి 60 ఫొటోల దాకా.

నమూనా చేసి చూస్తే అన్నీ చిక్కులే. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువున్న) మెరూన్ ఎ4 షీటుని సగానికి మడిస్తే మడత పొడుగునా రంగు పగిలి తెల్లగీత కనిపిస్తోంది. ఆల్బం పేజీల మీద తెల్ల జిగురుతో అతికించిన డిజైన్ పేపరు తెల్లారేసరికి అప్పడంలా లేస్తోంది. అయిదారు షీట్లు పూర్తయ్యేసరికే ఆల్బం నోరు తెరుచుకుని మూతపడటం లేదు. కార్డు మీదకి బంగారు రంగు కాగితంలో ‘షష్టిపూర్తి’ అని కోస్తే అక్షరాలు ముక్కలుగా రాలిపోతున్నాయి.

ఇంకోటి. పాత ఫొటోలు జిగురు పేజీల ఆల్బంలో ప్లాస్టిక్ పొర కింద అంటుకుపోయి ఉన్నాయి. పీకొచ్చా? వాళ్ల పెళ్లి శుభలేఖ కూడా దొరికింది, మూలలకి పసుపు అలాగే ఉంది. దాన్ని పేజీకి అతికించేయనా?

బైండింగ్_బల్ల:

మడత సంగతి నేను చెప్తాను. తప్పు మీ చేతిది కాదండీ, షీటు తీరు అది. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు పీచు ఎక్కువగా ఒకే దిక్కుకి పరుచుకుంటుంది. దాన్నే గ్రెయిన్ అంటారు. గ్రెయిన్ వెంబడి మడిస్తే మడత శుభ్రంగా పడుతుంది. అడ్డంగా మడిస్తే పీచు విరగాలి, అందుకే పైన రంగు పగులుతుంది. దుకాణంలో దొరికే ఎ4 షీట్లలో ఎక్కువ భాగం గ్రెయిన్ 297 మి.మీ. వైపు ఉంటుంది. మీరు ఎ4ని సగానికి మడిచారంటే మడత గీత 210 మి.మీ. వైపు పడింది, అంటే సరిగ్గా అడ్డంగా.

నమ్మకం కుదరకపోతే పరీక్ష సులువే. షీటుని విరగకుండా ఓసారి నిలువుగా, ఓసారి అడ్డంగా అరచేతితో వంచి చూడండి. ఎటు వంచితే తక్కువ ఎదురుతిరుగుతుందో ఆ వంపు గీత వెంబడే గ్రెయిన్ ఉన్నట్టు. లేదా 5 సెం.మీ. చదరపు ముక్కకి ఒక వైపు మాత్రం తడి పూయండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది. గొట్టం పొడుగు ఎటు ఉంటే గ్రెయిన్ అటు.

ఇక దారులు రెండు. చిన్న కార్డు చాలనుకుంటే ఎ4ని మధ్యకి కోసి రెండు ఎ5 ముక్కలు చేసి, ఒక్కోదాన్ని సగానికి మడవండి. కార్డు 105 × 148 మి.మీ. వస్తుంది, మడత గ్రెయిన్ వెంబడే పడుతుంది. 40 కార్డులకి 20 షీట్లు, చెడిపోయేవాటికి ఇంకో మూడు. సీ6 కవరు 114 × 162 మి.మీ., కాబట్టి పైన కొంచెం ఎత్తుగా అలంకారం ఉన్నా ఇరుక్కోదు. పెద్ద కార్డే కావాలంటే ఎ4 కొనకండి. ఎ3 కొని మధ్యకి కోయించండి. అప్పుడు వచ్చే ఎ4 ముక్కలో గ్రెయిన్ 210 వైపుకి మారుతుంది, సగానికి మడిస్తే పగలదు. ఎ3లోనూ గ్రెయిన్ పొడుగు వైపే ఉందో లేదో ఒక్క షీటు వంచి చూసుకునే కట్ట కొనండి.

మడవడానికి ముందు గీటు తప్పనిసరి. స్టీలు స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్ పెన్నుతో రెండుసార్లు తేలిగ్గా లాగండి. ఒక్కసారే గట్టిగా నొక్కితే పైపొర తెగుతుంది. ఆ తర్వాత చాలామంది గాడి లోపలికి పోయేలా మడిచేస్తారు, అది తిరకాసు. గాడి బయటకి, వెనక లేచిన గట్టు లోపలికి ఉండాలి. గట్టు లోపల ఉంటే బయటి పొర మీద లాగుడు తగ్గుతుంది.

రంగు మాట కూడా చూడండి. మీ షీటు అంచుని చింపితే లోపల తెల్లగా ఉందంటే పైపైన రంగు వేసినది. లోపలిదాకా ఒకే రంగున్న షీటు అడిగి తీసుకోండి. అందులో కొద్దిగా పగిలినా కంటికి ఆనదు. హైదరాబాద్ వైపు ఎవరైనా వస్తుంటే ఛత్తా బజార్‌లో శుభలేఖలు అచ్చువేసేవాళ్లని అడగమనండి. వాళ్ల దగ్గర కోతల్లో మిగిలిన మంచి దళసరి కాగితం ఉంటుంది.

అట్టముక్క:

ముడతలకి కారణం నీళ్లు. తెల్ల జిగురులో నీటి పాలు ఎక్కువ, కాగితం తడిసి గ్రెయిన్‌కి అడ్డంగా సాగుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుని కింది షీటుని కూడా లాగుతుంది. రెండు కాగితాల గ్రెయిన్ చెరో దిక్కున ఉంటే ఇక చెప్పక్కర్లేదు. 10 అంగుళాల పేజీ మొత్తం పట్టేంత పెద్ద కాగితానికి తడి జిగురు వద్దేవద్దు. టిష్యూ డబుల్ టేపు (రెండు వైపులా జిగురున్న పల్చటి టేపు) వాడండి. నాలుగు అంచుల వెంబడి 12 మి.మీ. వెడల్పుది, మధ్యలో గుణకారం గుర్తులా 6 మి.మీ.ది. అంచుకి 2 మి.మీ. లోపలికే టేపు ఆపండి, లేకపోతే జిగురు బయటికి పాకి ఎదుటి పేజీకి పట్టుకుంటుంది. మీ కాకినాడ ఉక్కలో ఇది తప్పకుండా జరుగుతుంది. టేపు అట్ట మీద అక్రిలిక్ జిగురు అని ఉన్నదే కొనండి. రబ్బరు జిగురు టేపు కొన్నేళ్లకి పసుపురంగుకి తిరిగి పట్టు వదిలేస్తుంది.

జిగురే వాడాలంటే పాత క్రెడిట్ కార్డుతో పల్చగా గీకి, గ్రెయిన్‌లు కలిపి అతికించి, పైనా కిందా బటర్ పేపరు పెట్టి రాత్రంతా బరువు కింద ఉంచండి. పేజీకి రెండో వైపు కూడా అదే రోజు అతికిస్తే లాగుడు రెండు వైపులా సమానమై షీటు తిన్నగా ఉంటుంది. మైదా ఉడికించిన జిగురు మాత్రం ఆల్బంలోకి రానివ్వొద్దు, వెండిపురుగుకి అంతకన్నా విందు లేదు. బైండర్లు అందులో మైలుతుత్తం కలిపేది పురుగు పట్టకుండానే. కానీ అది విషం, ఫొటోల పక్కన ఉండాల్సిన సరుకు కాదు.

ఇక నోరు తెరుచుకోవడం. లెక్క వేస్తే తెలిసిపోతుంది. 300 జీఎస్ఎం షీటు సుమారు 0.4 మి.మీ. దాని మీద రెండు వైపులా ఒక్కో డిజైన్ పేపరు 0.2, ఒక్కో ఫొటో 0.25 వేసుకోండి. షీటుకి 1.3 మి.మీ. అయింది. 20 షీట్లకి 26 మి.మీ. కుట్టు దగ్గర మాత్రం ఉత్త షీట్లే కాబట్టి 8 మి.మీ. ఆ 18 మి.మీ. తేడానే మీకు నోరులా కనిపిస్తోంది. విరుగుడు: కుట్టు వైపు షీటుకీ షీటుకీ మధ్య 25 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం ఉన్న అట్ట పట్టీ పెట్టండి. 19 పట్టీలు పడతాయి, కుట్టు దగ్గర మందం 27 అవుతుంది, సరిపోయింది. ప్రతి షీటుకీ కుట్టు అంచు నుంచి 30 మి.మీ. దగ్గర గీటు పెడితే పేజీ అక్కడ తేలిగ్గా తిరుగుతుంది. ఆల్బంకి పైనా కిందా వేసే 2.5 మి.మీ. అట్టలు రెండు కలిస్తే మొత్తం 32. బుక్ స్క్రూలు (షీట్లన్నిటినీ కలిపి బిగించే మరలు) ఆ పొడుగువి తీసుకోండి.

ఇంత పని ఎందుకనుకుంటే జిరాక్స్ షాపులో 32 మి.మీ. వైరో (తీగ చుట్టల బైండింగ్) వేయించుకోవచ్చు. పట్టీలు అక్కర్లేదు, పేజీ పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. చూడ్డానికి ప్రాజెక్ట్ రిపోర్టులా ఉంటుందన్నది ఒక్కటే నా ఫిర్యాదు. ఏది చేసినా బొత్తాలు, ఫోమ్ టేపు ఎత్తులు అన్ని పేజీల్లో ఒకే చోట రాకుండా చూసుకోండి. ఒకదాని మీద ఒకటి పడితే ఏ లెక్కా నిలవదు.

రంగుదారం:

పైవాళ్లు చెప్పినవన్నీ సరే, కానీ పాత ఫొటోలకి టేపు కూడా వద్దని నా గట్టి మాట. అసలు ఫొటోని దేనితోనూ అతికించొద్దు. స్కాన్ చేసి, ల్యాబ్‌లో ప్రింటు తీయించి, ఆ ప్రింటుతో ఏమైనా చేసుకోండి. 2 × 3 అంగుళాల ఫొటోని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 1200 × 1800 పిక్సెళ్లు వస్తాయి, 4 × 6 ప్రింటుకి అది చాలు. ఇంట్లో ఇంక్‌జెట్ మీద తీస్తే కనీసం ఒక రోజు ఆరనివ్వండి, తడి జిగురు తగిలితే రంగు కారిపోతుంది. అసలు ఫొటోనే ఆల్బంలో ఉండాలంటే ఫొటో కార్నర్లు (ఫొటో మూలలు దూర్చే చిన్న జేబులు) వాడండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు.

జిగురు పేజీల ఆల్బం నుంచి పీకే ముందు ఉన్నది ఉన్నట్టే పేజీకి ఫొటో తీసి పెట్టుకోండి, చిరిగినా అది మిగులుతుంది. ప్లాస్టిక్ పొర మెల్లగా ఎత్తండి. ఫొటో మూలని గోటితో లేపి వంచొద్దు, పైపొర పగులుతుంది. మైనం లేని డెంటల్ ఫ్లాస్ దారం కింద దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగుతూ ముందుకి పోనివ్వండి. ఎక్కడ బిగిసినా ఆపేసి ఇంకో వైపు నుంచి రండి. హెయిర్ డ్రయ్యర్ వేడి పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. కొన్ని జిగుర్లు మెత్తబడతాయి నిజమే, కానీ ఎక్కువైతే ఫొటో పొరే మెత్తబడుతుంది. అస్సలు రాకపోతే పేజీతో సహా స్కాన్ చేసి వదిలేయండి.

శుభలేఖని అతికించొద్దు. పసుపు రంగు వెలుతురుకి వెలిసిపోతుంది, పొడి రాలి ఎదుటి పేజీకి అంటుతుంది. కుంకుమ కూడా ఉంటే చెమ్మకి పాకుతుంది. శుభలేఖని పాలీప్రొపిలీన్ కవర్లో పెట్టి, పేజీ మీద మూడు వైపులా టేపు వేసిన కాగితపు జేబు చేసి అందులో దూర్చండి. పీవీసీ కవరు వద్దు. కొత్త ప్లాస్టిక్ చాప వాసన వేస్తే అది పీవీసీ అయ్యే అవకాశం ఎక్కువ. ఉత్తరాలకి, ఇన్‌లాండ్ లెటర్లకి కూడా ఇదే జేబు పద్ధతి. న్యూస్‌పేపరు కత్తిరింపులుంటే మంచి కాగితం మీద జిరాక్స్ తీసి అదే వాడండి. అసలు కత్తిరింపు తను పసుపెక్కడమే కాదు, పక్క ఫొటోకి కూడా మరక పెడుతుంది.

పూలు పెట్టాలనుంటే మల్లెలు వద్దు, గోధుమరంగుకి తిరుగుతాయి. కాగితం పూలు (బోగన్‌విల్లా) మంచివి, పల్చగా ఉండి రంగు నిలుపుకుంటాయి. రెండు వారాలు బరువు కింద ఆరబెట్టాకే పేజీలోకి రావాలి. లోపల చెమ్మ మిగిలితే బూజే.

బైండింగ్_బల్ల:

అక్షరాల సంగతి ఎవరూ ముట్టుకోలేదు. అవి రాలడం తెలుగు లిపికి మామూలే. ప, ష, స, హ లకి తలకట్టు కింది అక్షరానికి అంటుకుని ఉండదు. కోస్తే విడిగా ఊడుతుంది. ‘ష్టి’లో ట వత్తు, ‘ర్తి’లో త వత్తు కూడా అంతే. ఇంగ్లీషు అక్షరాలకి చెప్పే పద్ధతులు ఇక్కడ పనికిరావు. లావుపాటి ఫాంటు తీసుకుని పదం చుట్టూ 2 మి.మీ. నీడ గీయండి. ఆ నీడలో తలకట్టు, వత్తులు అన్నీ కలిసిపోయి ఒకే ముక్క అవుతుంది. నీడని మెరూన్ మీద కనిపించే క్రీమ్ రంగులో కోసి, దాని మీద బంగారు ముక్కలు ఒక్కోటీ పేర్చండి. బంగారు ముక్కలు చెల్లాచెదురు కాకుండా కోసిన చోటే పైన మాస్కింగ్ టేపు వేసి మొత్తాన్ని ఒక్కసారే లేపండి. టేపుని ముందు చొక్కాకి ఓసారి అంటించి తీస్తే పట్టు తగ్గి రేకుని చీల్చదు. బ్లేడు 30 డిగ్రీలది, అయిదారు కార్డులకొకసారి కొన విరిచేయండి. మొద్దు బ్లేడు కోయదు, కాగితాన్ని లాగుతుంది.

40 కార్డులకి ఈ కోత మరీ ఎక్కువ అనిపిస్తే రబ్బరు స్టాంపు చేయించి బంగారు ఎంబాసింగ్ పౌడరు (వేడికి కరిగి ఉబ్బెత్తుగా మెరిసే పొడి) వేయండి. ముందు కార్డు మీద టాల్కం పౌడరు తుడవండి, లేకపోతే వేలిముద్రలున్నచోటల్లా బంగారం అంటుతుంది. ఆలస్యంగా ఆరే ఎంబాసింగ్ ఇంకుతో అచ్చు వేసి, పౌడరు చల్లి, వెనక నుంచి చిటికేసి దులిపి, హీట్ గన్ పెట్టండి. గింజ గింజగా ఉన్నది కరిగి మెరవగానే ఆపండి, ఇంకా పెడితే కాగితంలోకి ఇంకి చదునైపోతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో కుదరదు, గాలికి పౌడరు ఎగిరిపోతుంది తప్ప కరిగేంత వేడి రాదు. ఈ పని టేపులు అంటించకముందే అయిపోవాలి.

కాకినాడ_కాగితాలు:

చాలా థాంక్సండీ అందరికీ. షీటు వంచి చూశాను, బైండింగ్_బల్ల గారు చెప్పినట్టే గ్రెయిన్ పొడుగు వైపే ఉంది. చిన్న కార్డులకే వెళ్తాను. లోపల రాసే పేపరు ఏ కొలతకి కోయమంటారు? అది కూడా టేపుతోనేనా?

అట్టముక్క:

చుట్టూ 5 మి.మీ. వదిలితే 95 × 138. ఎ4 షీటుకి నాలుగు వస్తాయి, 40కి పది షీట్లు. 100 లేదా 120 జీఎస్ఎం చాలు. మడతకి దగ్గరి అంచు వెంబడి మాత్రమే 6 మి.మీ. టేపు ఒక్క వరస వేయండి. నాలుగు వైపులా అంటించక్కర్లేదు. రాతంతా అతికించకముందే పూర్తి చేసుకోండి, ఒకటి తప్పుపోతే పల్చటి పేపరు పారేస్తే సరి, కార్డు దక్కుతుంది.