ఈ వారం సమస్య: బాలుఁ డొక్కఁడు సింహమున్ బట్టి తినెను

వేపచెట్టు:
మొన్న పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ బహదూర్‌పుర జూకి వెళ్లొచ్చాం. 1963లో తెరిచిన జూ, 380 ఎకరాలు, మా ఆవిడ ముందే టాయ్ ట్రెయిన్ ఎక్కేద్దాం అంది నేనే వినలేదు, మధ్యాహ్నానికల్లా చిన్నోడు నా భుజం మీద, బ్యాగులు ఆవిడ భుజం మీద. సఫారీలో మనం జాలీ కట్టిన బస్సులో, సింహాలేమో బయట దర్జాగా. ఆ బస్సులోనే పైన ఇచ్చిన సమస్య పాదం తట్టింది. తేటగీతి అనే నాలుగు పాదాల పద్యం, ఇదే చివరి పాదంగా అర్థం కుదిరేలా పై మూడూ రాసి పూరించండి.

పాతబస్తీ పిల్లోడు:
నాది ముందు వేస్తున్నా.

ఆదివారము జూలోన నమ్మ యొడిని
కూరుచుండి డబ్బా మూఁత కోరి తెఱచి
బొమ్మ బిస్కట్ల గుంపులో బొజ్జ నిండ
బాలుఁ డొక్కఁడు సింహమున్ బట్టి తినెను

గణాల మాస్టారు:
బిస్కట్ సింహం బాగుంది తమ్ముడూ, గణాలు (గురులఘువుల గుంపులు), యతులు (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి) సరిపోయాయి. కానీ 'కోరి తెఱచి' లో కోరి ఎందుకు? యతి కోసం తెచ్చి కూర్చోబెట్టావు, మాకు తెలీదనుకున్నావా. ఇంకోటి, ఒక్క బిస్కట్‌తో బొజ్జ నిండదు, మా మనవడైతే డబ్బా ఖాళీ చేసి ఇంకోటి అడుగుతాడు.

పాతబస్తీ పిల్లోడు:
దొరికిపోయా మాస్టారూ 😀 'సోమవారము' అని మొదలెడదామనుకున్నా, గణాలు కుదిరాయి గానీ యతి పోయింది, పైగా ఆ రోజు జూకి సెలవు.

చుక్కల ముగ్గు:
నేను తినిపించకుండానే పూరించా, చూడండి.

అక్క చేతికి నమ్మ తా నందఁజేసె
వేడివేడిగ గుప్పెడు వేరుసెనగ
కందకమ్మున కవ్వలఁ గాంచి నిలిచె
బాలుఁ డొక్కఁడు సింహమున్, బట్టి తినెను

గణాల మాస్టారు:
అమ్మా, ఇదీ విరుపంటే, 'సింహమున్' దగ్గర వాక్యం తెంపి అర్థమే మార్చేశావు! ఇక్కడ పట్టి అంటే బిడ్డ. తమ్ముడేమో నోరు తెరుచుకుని సింహాన్ని చూస్తూ నిలబడ్డాడు, అక్క పల్లీలు లాగించేసింది. సింహమున్ తర్వాత 'పట్టి' లో ప ఎలాగూ బ అవుతుంది కాబట్టి సమస్యలో అక్షరం కూడా కదపక్కర్లేకపోయింది. కందకం అనడం కూడా నచ్చింది, అక్కడ చాలా జంతువులకి ఊచలకన్నా కందకాలే కదా అడ్డం, ఊచలని రాస్తే వేరే ఊరి జూ అయిపోయేది. ఒక్క చిన్న మాట, తమ్ముడికి ఒక్క గింజ కూడా పెట్టలేదేమమ్మా.

చుక్కల ముగ్గు:
మా ఇంట్లో జరిగిందే రాశా మాస్టారూ, ఆ అక్కని నేనే 🙈

కొత్తకలం:
మొదటిసారి రాస్తున్నా, తిట్టకండి ప్లీజ్.

తిరిగి తిరిగి యాటోలోన తీపి నిదుర
నాన్న భుజముపై తలవాల్చి కలను గనుచు
ఆకలాకలి యనుచునే యాగకుండ
బాలుఁ డొక్కఁడు సింహమున్ బట్టి తినెను

గణాల మాస్టారు:
తిట్టడమెందుకు నాయనా, మొదటి పాదం నాకు తెగ నచ్చింది, జూ నుంచి తిరిగొచ్చే ప్రతి ఆటోలో ఇదే సీను. రెండో పాదంలో మాత్రం యతి తప్పింది. నాలుగో గణం 'కలను' తో మొదలైంది, 'నాన్న' లో నా కి క తో మైత్రి కుదరదు. 'నాటి కలను' అంటే సరి. తర్వాతి పాదం అచ్చుతో మొదలైంది, పద్యం మధ్యలో అలా తెంపకూడదు, 'నాక లాకలి' అని నకారం తెచ్చుకో, యతికేం ఢోకా లేదు.

నాన్న భుజముపై తలవాల్చి నాటి కలను
నాక లాకలి యనుచునే యాగకుండ

వేపచెట్టు:
ఇది నా సొంత కథ మాస్టారూ, ఆ భుజం నాదే, ఇంకా నొప్పి పుడుతోంది. నా ఓటు కొత్తకలానికే.

పాతబస్తీ పిల్లోడు:
మరి నా బిస్కట్లు?

గణాల మాస్టారు:
'కోరి' తీసేసి పట్రా, అప్పుడు చూద్దాం.

కొత్తకలం:
థాంక్సండీ, దిద్దుకున్నా. ఆటోకి ముందు య చేర్చి (యడాగమం) 'యాటో' అన్నందుకు కొడతారేమో అని రాత్రంతా భయపడ్డా.