లోగుట్టు పెరుమాళ్ళకెరుక: ఈ మాట ఎప్పుడనాలి?

మొన్న ఆదివారం కడియపులంకలో మా మేనత్త వాళ్ళింట్లో అందరం కూర్చుని ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’ అనే అమెరికన్ టీవీ సీరియల్లో ‘క్లూస్’ అనే ఎపిసోడ్ చూశాం. 1991 ఫిబ్రవరిలో వచ్చిన పాతది, నాలుగో సీజన్లోది. చూస్తూ చూస్తూ వాదన కథ మీద నుంచి ఒక సామెత మీదికి మళ్ళింది, ఇంకా తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

ముందు కథ. ముగింపు కూడా చెప్పేస్తున్నాను, చూద్దామనుకునే వాళ్ళు ఇక్కడే ఆగండి. అంతరిక్షంలో తిరిగే ఓడలో అందరూ ఒక్కసారిగా స్పృహ తప్పి పడిపోతారు. తప్పనిది డేటా ఒక్కడికే, అతను మరమనిషి. మీరు పడిపోయింది ముప్పై సెకన్లేనని అందరికీ చెబుతాడు. కానీ డాక్టరమ్మ పెంచుతున్న నాచు చూస్తే ఒక రోజు పెరుగుదల కనిపిస్తుంది, ఇంకొకాయన మణికట్టు ఎప్పుడో విరిగి అతికించినట్టు తేలుతుంది. డేటా మాత్రం నోరు విప్పడు. చివరికి తెలిసేదేమిటంటే, తమ ఉనికి బయటివాళ్ళకి తెలియకూడదనుకునే ఒక జాతిని వీళ్ళు చూశారు, ఓడ దక్కాలంటే అందరూ అది మర్చిపోవాలి, ఎప్పటికీ చెప్పొద్దని డేటాకి ఆజ్ఞ ఇచ్చింది స్వయంగా కెప్టెన్ పికార్డే. మళ్ళీ అందరికీ ఆ జ్ఞాపకం చెరిపేస్తారు, ఈసారి ఆనవాళ్ళు మిగలకుండా.

నాచు సంగతి రాగానే ముందు పట్టుకుంది అత్తయ్యే. నలభై ఏళ్ళుగా నర్సరీ పని ఆవిడది. “అరనిమిషంలో అంత ఎలా పెరుగుద్దిరా, ఆ అబ్బాయి ఏదో దాస్తున్నాడు” అంది. మా చెల్లి ‘మిస్టరీ’ అంది, బావ ‘ఏదో మతలబు ఉంది’ అన్నాడు, పిల్లలు డేటా విలన్ అయిపోయాడని గోల. అప్పుడు అత్తయ్య అంది, “ఏమోనమ్మా, లోగుట్టు పెరుమాళ్ళకెరుక.”

బావ ఒప్పుకోలేదు. ఆ మాట అక్కడ పొసగదన్నాడు. దేవుడికి తప్ప ఎవరికీ తెలియదన్నప్పుడు అనే సామెత అది, ఇక్కడ తెలిసినవాడు ఎదురుగానే నిలబడి ఉన్నాడు కదా అని. అత్తయ్యది ఇంకో లెక్క. ఆవిడ పుట్టిల్లు ర్యాలి. అక్కడి జగన్మోహినీ కేశవస్వామి ఒకే రాయి, ముందు నుంచి చూస్తే విష్ణువు, వెనక్కి వెళ్తే మోహిని. “ముందు నిలబడ్డవాడికి వెనకేముందో ఏం తెలుసు? స్వామికి తెలుసు, చెప్పడు. ఆ అబ్బాయీ అంతే” అంది. ఆ పోలిక నాకు చాలా నచ్చింది.

అయినా నేను బావ వైపే, కానీ కారణం వేరు. మనం ఈ మాట ఎప్పుడంటాం? అడిగి అడిగి విసిగి, ఇక మనకెందుకులే అని వదిలేసేటప్పుడు. ఇద్దరన్నదమ్ములు ఎందుకు విడిపోయారో ఊళ్ళో నాలుగు రకాలుగా చెప్పుకుని, చివర్న ఈ మాట అని లేచి వెళ్ళిపోతాం. అంటే ప్రశ్నని మూసేసే మాట ఇది. ఆ ఓడలో వాళ్ళు మూయకుండానే కదా ముందుకెళ్ళారు! నాచు చూశారు, మణికట్టు చూశారు, గడియారం తీసి చూశారు. కాబట్టి సామెత మధ్యలో కాదు, చివర్లో సరిపోతుంది. అందరూ మర్చిపోయి, అడిగేవాడే లేక, డేటా ఒక్కడి దగ్గరే మిగిలినప్పుడు.

మాట నిర్మాణం కూడా చూడండి. ‘పెరుమాళ్ళకు ఎరుక’, అంటే ఆయనకు తెలుసు అని. తెలంగాణలో ‘నాకెరుక’ అని ఇప్పటికీ మామూలుగా అంటారు. మా వైపు ఎరుక చెప్పే సోదెమ్మ దగ్గరా, ఈ సామెతలోనూ తప్ప ఆ మాట విడిగా నేను వినలేదు. ఇక పెరుమాళ్ తమిళంలో ఏకవచనమే. మన దగ్గరికి వచ్చేసరికి పెరుమాళ్ళు అయి, బహువచనంలా వినిపించి, గౌరవానికి సరిగ్గా కుదిరింది.

మరి మధ్యలో ఏమనాలి? నా ఓటు ‘ఇంటి గుట్టు లంకకు చేటు’కి. విభీషణుడి వల్ల వచ్చిన మాట. డేటా నోరు జారితే ఓడకే చేటు, అదే అతని భయం. ఇది అనగానే మా మేనల్లుడు “ఏ లంకకి, మన లంకకా?” అన్నాడు. వాడి తప్పు లేదు, కడియపులంక, పొట్టిలంక, ఊబలంక మధ్య తిరిగే పిల్లాడికి లంకంటే గోదావరి పాయల మధ్య మేట వేసిన నేలే. ఆ సామెతని లంక ఊళ్ళలో మన లంకల మీదికి తిప్పి ఎవరైనా వాడగా విన్నారా?

ఇంకొకటి తేల్చండి. గుట్టు అంటే ఒకరు దాచాలి, ఇంకొకరికి తెలియకూడదు, రెండు పక్షాలుండాలి. పికార్డ్ తన గుట్టు తన నుంచే దాయించాడు. దీనికి తెలుగులో ఒక్క మాట ఉందా? ‘మరుపు’ చాలదు, అది దానంతటది వచ్చేది. ‘దాపరికం’ దగ్గరికి వస్తుంది కానీ అందులో కాస్త తప్పు చేసిన వాసన ఉంది, ఇక్కడ ఆయన చేసింది అందరినీ బతికించడానికి. అత్తయ్యని అడిగితే ‘ఒట్టు’ అంది. ఒట్టు వేసినవాడే ఒట్టు మర్చిపోతే దాన్నేమంటారో అదీ చెప్పండి.