మోనాష్‌లో సీటు వచ్చింది, బాబాయి వాళ్ల ఇల్లు టార్నీట్‌లో. ఎక్కడ ఉండాలి?

ప్రశ్న (గుంటూరు నుంచి)

అన్నలకు, అక్కలకు నమస్కారం. బీటెక్ సివిల్ అయింది. ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ మాస్టర్స్‌కి ఆఫర్ వచ్చింది, ఫిబ్రవరి ఇన్‌టేక్. లెటర్‌లో క్యాంపస్ క్లేటన్ అని ఉంది. మా బాబాయి వాళ్లు టార్నీట్‌లో ఉంటారు. "అక్కడే ఉండు, అద్దె మిగులుతుంది" అంటోంది అమ్మ. నాన్నగారేమో "మెల్‌బోర్న్ యూనివర్సిటీ పాతది కదా, ఇది ఎప్పటిది, ఎవరిది? డొనేషన్ కాలేజీ కాదు కదా?" అని అడుగుతున్నారు. కన్సల్టెన్సీ వాళ్లు ర్యాంకు తప్ప ఏమీ చెప్పడం లేదు. మీరే కాస్త చెప్పండి.

జవాబు (క్లేటన్ నుంచి)

తమ్ముడూ, ముందు నాన్నగారికి చెప్పు, ఇది పక్కా ప్రభుత్వ యూనివర్సిటీ. 1958లో ఇక్కడి విక్టోరియా రాష్ట్ర పార్లమెంటు చట్టం చేసి పెట్టింది. అప్పటిదాకా రాష్ట్రం మొత్తానికి 1853 నాటి మెల్‌బోర్న్ యూనివర్సిటీ ఒక్కటే ఉండేది. యుద్ధం తర్వాత జనాభా పెరిగింది, ఇంజనీర్లు, డాక్టర్లు, సైన్స్ చదివినవాళ్లు చాలడం లేదు, ఉన్న ఒక్క చోటా కిక్కిరిసిపోయింది. అందుకని రెండోది కట్టారు. 1961 మార్చిలో తరగతులు మొదలైనప్పుడు విద్యార్థులు నాలుగొందల లోపే. చుట్టూ బురద, సగం కట్టిన బిల్డింగులు. తొలి వైస్ ఛాన్సలర్ లూయీ మాథెసన్ కూడా ఇంజనీరే. క్లేటన్‌లో పెద్ద లైబ్రరీకి ఆయన పేరే పెట్టారు. పరీక్షల ముందు నీ మకాం అక్కడే.

ఇక ఎవరిది అంటే, పేరు సర్ జాన్ మోనాష్‌ది. సివిల్ చదివినవాడివి కాబట్టి ఈయన గురించి నీకు తెలియాలి. 1865లో ఇక్కడే పుట్టాడు, తల్లిదండ్రులు ప్రష్యా నుంచి వచ్చిన యూదులు. ఇంజనీరింగ్, ఆర్ట్స్, లా మూడు డిగ్రీలూ చేశాడు. రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు ఈ రాష్ట్రంలో ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో దానితో వంతెనలు కట్టాడు. జీలాంగ్ పక్కన ఫయాన్స్‌ఫర్డ్‌లో 1900లో పూర్తయిన వంతెన ఇప్పటికీ ఉంది, ఒక ఆదివారం పోయి చూసి రా. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రేలియా సేనకి కమాండర్. 1918 జూలై 4న ఫ్రాన్స్‌లో హామెల్ యుద్ధాన్ని 90 నిమిషాల్లో ముగించాలని ప్లాన్ వేస్తే 93 నిమిషాలు పట్టిందట. వర్క్ షెడ్యూలు వేసే ఇంజనీరు బుద్ధి యుద్ధంలోనూ పోలేదన్నమాట. తిరిగొచ్చాక రాష్ట్ర విద్యుత్ సంస్థ బాధ్యత తీసుకుని లాట్రోబ్ లోయలో బొగ్గు తవ్వించి, అక్కణ్ణుంచి మెల్‌బోర్న్‌కి కరెంటు తెప్పించాడు. వంద డాలర్ల నోటు మీద ఉన్న పెద్దమనిషి ఈయనే. ఆ నోటు మన చేతికి వచ్చేది అరుదులే.

ఈ చరిత్ర అంతా ఎందుకు చెబుతున్నానంటే, అది తెలిస్తేనే ఇల్లు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఊళ్లో చోటు లేకే దీన్ని కట్టారు కాబట్టి సిటీకి ఆగ్నేయంగా ఇరవై కిలోమీటర్ల దూరంలో ఖాళీ స్థలం చూసి పెట్టారు. పక్కన రైల్వే స్టేషన్ లేదు. 1969 రవాణా ప్రణాళికలోనే ఇటువైపు రైలు మార్గం గీశారు, కట్టలేదు. ఇప్పుడు సబర్బన్ రైల్ లూప్ అనే కొత్త లైన్‌లో మోనాష్ స్టేషన్ కడుతున్నారు, 2035 అంటున్నారు. నీ మాస్టర్స్‌కి అది అందదు. అప్పటిదాకా హంటింగ్‌డేల్ స్టేషన్‌లో దిగి 601 బస్సు ఎక్కడమే. క్లాసులున్న రోజుల్లో నిమిషాల తేడాతో వస్తూనే ఉంటుంది, ఆ విషయంలో వంక పెట్టలేం.

టార్నీట్ ఊరికి అవతలి కొస, పడమర వైపు. అక్కణ్ణుంచి రైల్లో సిటీ వైపు, దారిలో రైలు మారి హంటింగ్‌డేల్, మళ్లీ బస్సు. ఇంటి నుంచి క్లాసు దాకా ఒకవైపు గంటన్నరకు తక్కువ కాదు, ఒక రైలు తప్పితే రెండు గంటలు. పైగా పీజీ వాళ్లకి మైకీ కార్డులో (రైలు, బస్సు టికెట్ కార్డు) స్టూడెంట్ కన్సెషన్ లేదు. ఉదయం 8 గంటల ల్యాబు ఉన్న రోజు చలికాలంలో ఎన్నింటికి లేవాలో లెక్క వేసుకో. బాబాయి గారింట్లో మొదటి పది పదిహేను రోజులు ఉండు, ఆలోపు ఇటువైపు గది చూసుకో. క్లేటన్, నాటింగ్ హిల్, హంటింగ్‌డేల్, ఓక్లీ, స్ప్రింగ్‌వేల్, ఏదైనా పరవాలేదు.

గది విషయంలో ఒక్క మాట. ఇండియాలో కూర్చుని ఫొటోలు చూసి బాండ్ (అద్దె ఇంటికి కట్టే డిపాజిట్) పంపకు. ఇక్కడ బాండ్ సొమ్ము ఇంటివాళ్ల జేబులో ఉండకూడదు, రాష్ట్ర ప్రభుత్వ బాండ్ అథారిటీలో జమ కావాలి, నీకు రసీదు రావాలి. "మన తెలుగువాళ్లమే కదా, రసీదెందుకు" అన్నవాళ్ల దగ్గర ఇంకాస్త జాగ్రత్త.

జవాబు (కాఫీల్డ్ నుంచి)

అన్న చెప్పినదానికి చిన్న చేర్పు. మోనాష్ అంటే క్లేటన్ ఒక్కటే కాదు. కాఫీల్డ్ క్యాంపస్ 1990లో చిజమ్ ఇన్‌స్టిట్యూట్ విలీనమైతే వచ్చింది, స్టేషన్ గేటు దాటగానే కాలేజీ. పార్క్‌విల్‌లో ఉన్న ఫార్మసీ కాలేజీ 1992లో కలిసింది. ఫ్లూకి వాడే రెలెంజా మందు వెనుక పరిశోధనలో ఆ కాలేజీ బృందానిది పెద్ద పాత్ర. ఫార్మసీలో మోనాష్‌ని ప్రపంచంలోనే ముందు వరసలో లెక్కిస్తారు. మన వైపు నుంచి బీఫార్మసీ చేసి వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఇది చదివేవాళ్లకి పనికొస్తుందని రాశాను. క్యాంపస్ పేరు చూడకుండా అద్దెకి సంతకం పెట్టొద్దు. క్లేటన్, కాఫీల్డ్ మధ్య యూనివర్సిటీ షటిల్ ఉచితంగా తిరుగుతుంది.

మెడిసిన్ సంగతి కూడా చిన్నదేం కాదు. ఐవీఎఫ్ ద్వారా తొలి గర్భం ప్రపంచంలో మొదట నమోదైంది 1973లో, మోనాష్ బృందం చేతుల్లోనే. అది కొద్ది రోజులే నిలిచింది కానీ దారి చూపింది. గడ్డకట్టించి దాచిన పిండం నుంచి తొలి బిడ్డ 1984లో పుట్టిందీ వాళ్ల పని వల్లే.

జవాబు (టార్నీట్ నుంచి)

నేను ఒప్పుకోను అండీ. మా ఇంట్లో మేనల్లుడు ఇక్కణ్ణుంచే వెళ్లొస్తున్నాడు. లెక్చర్లు రికార్డింగ్ ఉంటాయి, వారానికి మూడు రోజులే పోతాడు. గది అద్దె, తిండి ఖర్చు మిగిలితే ఇంట్లో లోన్ టెన్షన్ ఎంత తగ్గుతుందో మీకు తెలియనిది కాదు. కొత్త ఊళ్లో పెద్దవాళ్ల నీడ ఉండటం కూడా మంచిదే కదా.

జవాబు (క్లేటన్ నుంచి)

మీ మాట కాదనను అండీ, లోన్ సంగతి నిజమే. మూడు రోజుల టైమ్‌టేబుల్ దొరికితే మొదటి సెమిస్టరు అలా గడపొచ్చు. కానీ మోనాష్ బలమంతా క్యాంపస్‌లో కూర్చున్నవాడికే అందుతుంది. సివిల్ ల్యాబులు, గ్రూప్ ప్రాజెక్టులు, రోడ్డు దాటితే సింక్రోట్రాన్ (పదార్థాలను లోతుగా పరీక్షించే భారీ ఎక్స్‌రే కేంద్రం), పక్కనే సీఎస్ఐఆర్ఓ (ప్రభుత్వ సైన్స్ పరిశోధన సంస్థ). వాటిలో పనిచేసేవాళ్లు మాట్లాడే సెమినార్లు సాయంత్రాలు ఉంటాయి. ఆరింటికల్లా రైలుకి పరిగెత్తేవాడికి అవేవీ దక్కవు. పార్ట్‌టైమ్ పని కూడా చూసుకోవాలి కదా, రెండు వారాలకి 48 గంటలు దాటకూడదన్న వీసా నియమం గుర్తుంచుకుని.

తమ్ముడూ, చదువు గురించి మూడు ముక్కలు. ఇక్కడ సబ్జెక్టుని యూనిట్ అంటారు, సెమిస్టరుకి మామూలుగా నాలుగు. 50 వస్తే పాస్, 60కి క్రెడిట్, 70కి డిస్టింక్షన్, 80కి హై డిస్టింక్షన్. మన దగ్గర 85 వచ్చినవాడికి ఇక్కడ మొదటి అసైన్‌మెంటులో 62 వస్తే గుండె జారుతుంది. జారనక్కర్లేదు. కాపీని పట్టేసే టర్నిటిన్ సాఫ్ట్‌వేర్ ముందు మాత్రం సీనియర్ రిపోర్టు తిరగరాసి పెట్టే విద్య పనిచేయదు. మొదటి సెమిస్టరు సెన్సస్ తేదీ మార్చి 31. యూనిట్ వదులుకోవాలంటే ఆలోపే అడుగు, తర్వాత ఫీజు వెనక్కి రాదు. వదిలేముందు వీసాకి ఇబ్బంది లేదని ఇంటర్నేషనల్ ఆఫీసులో రాతపూర్వకంగా తీసుకో.

ఇంకా ముఖ్యమైనది: నీ కోర్సుకి ఇంజనీర్స్ ఆస్ట్రేలియా (ఇక్కడి ఇంజనీర్ల వృత్తి సంస్థ) గుర్తింపు ఉందా లేదా ఇప్పుడే చూడు. మాస్టర్స్ పేర్లు ఒకేలా ఉంటాయి, అన్నిటికీ ఆ గుర్తింపు ఉండదు. కన్సల్టెన్సీ వాళ్లని అడగకు, యూనివర్సిటీ హ్యాండ్‌బుక్‌లో చూడు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అన్నా, అక్కా. హ్యాండ్‌బుక్ ఇవాళే చూస్తాను. అమ్మ ఇంకో ప్రశ్న: శాకాహారం దొరుకుతుందా, గుడి ఉందా?

జవాబు (కాఫీల్డ్ నుంచి)

క్లేటన్ క్యాంపస్ సెంటర్‌లో విద్యార్థులు నడిపే హోల్‌ఫుడ్స్ ఉంది, అంతా శాకాహారమే. పప్పు, కంద, గోంగూర కావాలంటే క్లేటన్, డాండెనాంగ్ ఇండియన్ షాపులు. గుడి కారమ్ డౌన్స్‌లో శివ విష్ణు ఆలయం. బస్సులో తంటా, కారున్న స్నేహితుణ్ణి పట్టుకోండి. అమ్మగారు కట్టిచ్చే పచ్చళ్లు కస్టమ్స్ కార్డులో డిక్లేర్ చేయండి. చెప్పకుండా తెస్తే జరిమానా వేస్తారు.