పురుగుకు ‘అసంక్రామ్యత’ ఉంటుందా?

సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే పురుగు బ్యాక్టీరియాను ఎదుర్కొనే తీరుపై వ్యాసం అనువదిస్తున్న సభ్యులొకరు, దానికి ‘అసంక్రామ్యత’ అని రాయాలా, ‘రోగనిరోధక శక్తి’ అని రాయాలా అని అడిగారు. నా మటుకు మొదటి మాట ఇక్కడ పొసగదు.

అసంక్రామ్యత అంటే రోగం సంక్రమించడానికి వీలులేని స్థితి. మశూచి వచ్చి తగ్గినవారికి మళ్ళీ రాకపోవడం వంటి సందర్భానికి అది చక్కగా అతుకుతుంది. ఒక మిల్లీమీటరు పొడవుండే ఈ జీవికైతే బ్యాక్టీరియాయే తిండి. అది నేలలోని సూక్ష్మజీవులను నోటితో పీల్చుకొని, గొంతు అడుగున తిరగలిలా పనిచేసే భాగంలో నలగగొట్టి పేగులోకి పంపుతుంది. నలగకుండా జారిపోయిన సూడోమోనాస్ ఏరుగినోసా అనే హానికర బ్యాక్టీరియా పేగులో కాపురం పెట్టిందంటే కొద్ది రోజుల్లోనే పురుగు చచ్చిపోతుంది. తినే మెతుకులోనే రోగం దాగి ఉన్న ప్రాణి విషయంలో ‘సంక్రమించదు’ అనడం అబద్ధమే అవుతుంది.

ఇక ‘శక్తి’ అనగానే మనకు ఒంట్లో గస్తీ తిరిగే సైన్యం గుర్తుకు వస్తుంది. ఈ పురుగుకు ప్రతిరక్షకాలు లేవు, క్రిములను వెదికి మింగే తెల్లకణాలూ లేవు. పేగు గోడలోని 20 కణాలే తిండిని అరిగించుకోవాలి, శత్రువుతోనూ అవే తలపడాలి. వాటిలో ఒక ఎంజైము మరొకదానిని తట్టిలేపే గొలుసు ఒకటుందని, దానిలో ఏ కొలికి తెగినా సూడోమోనాస్ చేతిలో పురుగు మరింత త్వరగా చస్తుందని 2002లో తేలింది. లైసోజైముల వంటి క్రిమిసంహారక ప్రోటీన్లను తయారు చేయించడంలో ఆ గొలుసుకు ముఖ్యపాత్ర ఉంది. దాని చివరి ఎంజైముకు మన ఒంట్లోనూ జ్ఞాతి ఉంది, పేరు పి38. కాబట్టి ‘శక్తి’ని వదిలి ‘స్వాభావిక రోగనిరోధకత’ (పుట్టుకతోనే ఉండేది) అంటే చాలు.

అయితే ఆ మాటలో ఇమడని సంగతి ఒకటుంది. ఒకసారి హానికర బ్యాక్టీరియాను తిని జబ్బుపడిన పురుగు, తర్వాత దాని వాసనకే దూరంగా జరుగుతుందని 2005లో చూపారు. మనకు పడని కూర వాసన తగిలితేనే కడుపులో తిప్పినట్టు! దీనికి నేనైతే ‘ఏవగింపు’ అని రాస్తాను, ‘నిరోధం’ అనను.

‘నులిపురుగు’ అన్నా తప్పులేదు. ‘నులి’ అంటే మెలి, ఈ పురుగు నడకా మెలికలే. కానీ ఆ పేరు వినగానే పాఠకులకు బడిలో మింగించే ఆల్బెండజోల్ బిళ్ళ గుర్తుకొస్తుంది కనుక, ఇది కడుపులో కాక మట్టిలో బతికే పురుగని మొదటి వాక్యంలోనే చెప్పండి.