పొద్దున్న పరుగుకి వెళ్తే వెంట ఏం పట్టుకెళ్లాలి? విజయనగరం, శ్రీకాకుళం వాళ్లు చెప్పండి

కోటగుమ్మం:
మాది విజయనగరం. అయ్యకోనేరు గట్టు మీద మొదలుపెట్టి కోట చుట్టూ తిరిగి గంటస్తంభం మీదుగా ఇంటికొస్తాను, ఓపికుంటే పెద్ద చెరువు వైపు కూడా. నడక నుంచి పరుగుకి ఈమధ్యే మారాను. ఇంట్లోవాళ్లు లేవకముందే బయట తాళం వేసి వెళ్లాలి కాబట్టి తాళంచెవి తప్పదు. ఫోను, నీళ్లు, రుమాలు కూడా కావాలి. ఇవన్నీ ఎక్కడ పెట్టుకోను? నడుముకి కట్టే సంచీ కొన్నాను, అది ఎగిరెగిరి పొట్ట మీద కొడుతోంది. చేతికి కట్టుకునే ఫోన్ కవరు పనికొస్తుందా? సీసా చేత్తో పట్టుకుని పరిగెత్తేవాళ్లున్నారా? కుక్కల సంగతేంటి?

ఖాకీకల:
ఏమీ వద్దన్నా. మేం కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసేవాళ్లం, 1600 మీటర్లు 8 నిమిషాల్లోపు కొట్టాలి, జేబులో తాళంచెవులు గలగలమంటుంటే ఊపిరి మీద ధ్యాస ఎక్కడుంటుంది. షార్ట్, బనీను, బూట్లు, చేతికి వాచీ, అంతే. ఫోన్లన్నీ ఒక సంచీలో పడేసి గ్రౌండ్ గట్టు మీద పెడతాం, ఆరోజు ఒంట్లో బాగోలేనోడు కాపలా.

రాజాం_రోడ్డు:
గ్రౌండ్‌లో గుండ్రంగా తిరిగేవాడికి ఏం కావాలి తమ్ముడూ. పాలకొండ రోడ్డులో చీకటితో బయల్దేరి చూడు. నా దగ్గర వీపు మీద మెరిసే పట్టీలున్న జాకెట్టు ఉంటుంది, చేతిలో చిన్న టార్చి. అందరూ ఎడమవైపు పరిగెడతారు, అది తప్పు, కుడివైపు వెళ్తే ఎదురొచ్చే లారీ కళ్లకి కనపడుతుంది, వెనక నుంచి వచ్చేది కనపడదు కదా. పాటలు వినాలంటే ఒక చెవిలోనే పెట్టుకోండి. జేబులో ఇరవై రూపాయల నోటు, ఒక నొప్పి మాత్ర. మోకాలు పట్టేస్తే మింగేసి మిగతా దూరం లాగించేయొచ్చు. ఆదివారం దూరం ఎక్కువ కదా, ఆరోజు బయల్దేరేముందే ఒకటి వేసుకుంటాను, ఇబ్బందే ఉండదు.

పలాస_జీడితోట:
ఆ చివరి ముక్క చదివి నాకు ఒళ్లు మండింది. ఏ మాత్ర అది? డైక్లోఫెనాకా? చెమట కారుతూ, నీళ్లు తాగకుండా, దాన్ని మింగి పదిహేను కిలోమీటర్లా? మాది ఉద్దానంలో కవిటి వైపు. మా వీధిలో డయాలసిస్‌కి వెళ్లొచ్చే ఇళ్లు ఎన్నో మీకు తెలీదు. కిడ్నీ అంటే ఏటో మాకు చెప్పక్కర్లేదు. పరిగెత్తేది ఆరోగ్యం కోసమా, పాడుచేసుకోడానికా?

రాజాం_రోడ్డు:
అయ్యా, అడిగింది జేబులో ఏం పెట్టుకోవాలని. నేను పెట్టుకునేది చెప్పాను. ఒక్క మాత్రకి ఉద్దానం దాకా వెళ్లిపోయారు. ఉద్దానంలో జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటిదాకా ఎవరూ తేల్చలేదు, నీళ్లన్నారు, ఎండలో పని అన్నారు, ఇంకేదో అన్నారు. మీరు మాత్రం నా మాత్ర దగ్గర తేల్చేశారు.

పలాస_జీడితోట:
ఉద్దానానికి కారణం మీ మాత్ర అని నేననలేదు, మళ్లీ చదవండి. తేలలేదు కాబట్టే అనుమానం ఉన్న ప్రతిదానికీ దూరంగా ఉండాలంటున్నాను. పోనీ ఇది విన్నారా, పశువులకి ఇదే డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో మన దేశంలో నిషేధించారు. ఎందుకు? ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి కాబట్టి.

రాజాం_రోడ్డు:
ఇప్పుడు నన్ను రాబందుని చేశారా. బాగుంది.

ఖాకీకల:
😂😂 రాబందు అన్నా, ఆదివారం ఎంత దూరం ఎగురుతున్నారు?

టెక్కలి_మందులకొట్టు:
నాది మందుల వ్యాపారం, బీఫార్మసీ చదివాను, కాబట్టి కాస్త వినండి. ఇద్దరూ సగం సగం చెప్పారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం సరిపడా అందేలా నాళాలు తెరిచి ఉంచే పదార్థాలు కొన్ని శరీరమే తయారుచేసుకుంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి నొప్పి తగ్గించేది వాటిని అడ్డుకునే. మంచం మీద పడుకుని ఒకటి వేసుకుంటే ఆరోగ్యంగా ఉన్నవాడికి పెద్ద తేడా ఉండకపోవచ్చు. ఎండలో చెమట కక్కుతూ వేసుకుంటే కిడ్నీకి ఉన్న ఆ ఒక్క ఆధారం కూడా తీసేసినట్టే. బీపీ, షుగరు ఉన్నవాళ్లయితే మరీ. ఇంకోటి, నొప్పి ఉందని తెలిస్తేనే కదా ఆగుతాం, అది తెలియకుండా చేసుకుని పరిగెడితే మోకాలు ఇంకా అరుగుతుంది. పారాసిటమాల్ వేరే రకం, కానీ పరుగు కోసం అదీ వద్దు. అసలు డైక్లోఫెనాక్ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. నా కొట్టుకి వచ్చి "రన్నింగుకి ఒక మాత్ర" అని అడిగేవాళ్లని నేను వెనక్కి పంపిస్తాను, పక్క కొట్టుకి వెళ్లి కొనుక్కుంటారు, అది వేరే సంగతి.

రాజాం_రోడ్డు:
మీరు చెప్పినట్టు చెబితే వింటాం. తిట్టినట్టు చెబితే ఎవడు వింటాడు.

పలాస_జీడితోట:
తిట్టక పూజ చేయాలా.

అరసవల్లి_అక్క:
మీరు మాత్రల దగ్గర కొట్టుకుంటూ కూర్చోండి. ఆడవాళ్ల ట్రాక్ ప్యాంట్లకి జేబే ఉండదు, ఉన్నా అందులో బస్సు టికెట్టు పడుతుంది. నేను తాళాల గుత్తి ఇంట్లోనే వదిలేసి ఒక్క చెవి తీసి పిన్నీసుతో నడుం పట్టీ లోపలివైపు గుచ్చుకుంటాను, చప్పుడుండదు, జారదు. ఫోన్ లేకుండా మాత్రం గుమ్మం దాటను. లొకేషన్ మా చెల్లికి షేర్ చేసి ఉంచుతాను, పోలీసుల శక్తి యాప్ ఉంది, మెడలో ఒక విజిల్ ఉంది. 80 అడుగుల రోడ్డులో వెలుతురొచ్చాకే మొదలుపెడతాను, అదీ తోడు ఉన్నరోజే. "ఏమీ వద్దన్నా" అని రాసిన తమ్ముడికి, అలా చేతులూపుకుంటూ వెళ్లడం మీకు కుదురుతుంది నాయనా, మాకు కుదరదు.

ఖాకీకల:
సారీ అక్కా, అది ఆలోచించలేదు.

మాస్టారు_పీఈటీ:
ఇప్పటిదాకా అందరూ పైపై మాటలే. నా చేతికింద పరిగెత్తిన పిల్లలు ఆర్మీలో ఉన్నారు, పోలీసులో ఉన్నారు, రైల్వేలో ఉన్నారు. పరుగుకి వెళ్లేవాడు పట్టుకెళ్లాల్సింది క్రమశిక్షణ. నీళ్ల సీసా ఫ్యాషన్. పరుగు మధ్యలో నీళ్లు తాగితే డొక్కలో పోటు వస్తుంది. మా రోజుల్లో రాత్రి చద్దన్నం, పొద్దున్న పరుగు, వచ్చాక చోడంబలి, అదే రాగి అంబలి. మల్లయోధులు కోడి రామ్మూర్తి గారు గుండె మీద ఏనుగుని ఎక్కించుకున్నారు, నడుముకి సంచీ కట్టుకున్నారా?

టెక్కలి_మందులకొట్టు:
మాస్టారూ, గౌరవంతోనే అంటున్నాను, మే నెలలో మన సముద్రపు గాలి ఉక్కకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అప్పుడు నీళ్లు ఫ్యాషన్ అనొద్దు. చల్లటి పొద్దున్న అరగంట, ముప్పావుగంట పరుగైతే ఇంట్లో తాగి వెళ్తే చాలు, అంతవరకు మీ మాట నిజం. గంట దాటితే వెంట ఉండాలి. గుక్కెడు గుక్కెడు తాగితే పోటు రాదు, గటగటా సీసా లేపితే వస్తుంది.

నాగావళి_గట్టు:
ఎక్కువ తాగినా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరిగెత్తినవాళ్ల రక్తం పరీక్షిస్తే నూటికి 13 మందికి సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువ ఉంది, దారిపొడవునా నీళ్లు తాగుతూ బరువు పెరిగినవాళ్లలో అది ఎక్కువ. దాహం వేసినప్పుడు తాగండి, అంతే.

కోటగుమ్మం:
నాకు ఐదారు కిలోమీటర్లే అండీ, బోస్టన్ దాకా వెళ్లను.

రాజాం_రోడ్డు:
కోడి రామ్మూర్తి గారి పేరెత్తారు కాబట్టి, ఆయన విజయనగరం ఆయనా, శ్రీకాకుళం ఆయనా మాస్టారూ?

మాస్టారు_పీఈటీ:
ఇదేం ప్రశ్న. పుట్టింది వీరఘట్టం. శ్రీకాకుళం జిల్లా. స్టేడియానికి పేరు పెట్టుకున్నది శ్రీకాకుళం.

రాజాం_రోడ్డు:
వీరఘట్టం 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. కుస్తీ నేర్చింది, వ్యాయామం మాస్టారుగా చేసింది విజయనగరంలో. అన్నట్టు మా రాజాం కూడా అప్పుడే విజయనగరం జిల్లాలోకి వచ్చేసింది.

మాస్టారు_పీఈటీ:
జీవో ఇచ్చి జిల్లా మారిస్తే పుట్టిన మట్టి మారుతుందా? వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది, ఆమదాలవలస పక్కన ఊసవానిపేట, అదీ శ్రీకాకుళమే, అది కూడా రాసుకో.

నాగావళి_గట్టు:
మళ్లీ జిల్లాల గొడవ. కుక్కల గురించి అడిగారు పాపం, ఎవరూ చెప్పలేదు. కుక్క వెంటపడితే పరుగు ఆపేసి నిలబడాలి, పరిగెత్తేకొద్దీ తరుముతుంది. కళ్లలోకి చూడకుండా నెమ్మదిగా నడుచుకుంటూ దాటిపోండి. కొందరు కర్ర పట్టుకెళ్తారు, కర్ర చూస్తే రెచ్చిపోయే కుక్కలూ ఉన్నాయి. కరిస్తే, గీరినా సరే, సబ్బు పెట్టి ధారగా పడే నీళ్లతో పావుగంట కడగాలి, అదే రోజు టీకా మొదలుపెట్టాలి. కారం, సున్నం, కాఫీపొడి రాయొద్దు.

అరసవల్లి_అక్క:
బిస్కెట్ వేస్తే రెండో రోజు నుంచి కాపలా కాస్తాయి కూడా. మా వీధివి నాతో మలుపు దాకా వస్తాయి.

ఖాకీకల:
బిస్కెట్ల వల్లే అక్కా అసలు సమస్య. మీరు వేసి వెళ్లిపోతారు, వెనకాల మేం వస్తే మా దగ్గర కూడా ఉందనుకుని మీద పడతాయి. మా బ్యాచ్‌లో ఒకడు ఈవెంట్స్ ముందు పిక్క చూపించుకుంటూ ఆసుపత్రి చుట్టూ తిరిగాడు.

అరసవల్లి_అక్క:
నేను వేసేది మా ఇంటి ముందు. మీ గ్రౌండ్ దగ్గర కాదు.

టెక్కలి_మందులకొట్టు:
చోడంబలి మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఓఆర్ఎస్ అనుకుని రంగు నీళ్ల డబ్బాలు కొని జేబులో వేసుకుని వెళ్తున్నారు. పంచదార ఎక్కువ, ఉప్పు తక్కువ ఉన్న పానీయాల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశం ఇచ్చింది. నిజమైన ఓఆర్ఎస్ పొట్లం మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉంటుంది, పొట్లం మీద రాసినన్ని నీళ్లలో కలపాలి, సగం సీసాలో మొత్తం గుమ్మరించకూడదు. ఐదు కిలోమీటర్లకి అది కూడా అక్కర్లేదు. ఇంటికొచ్చి మజ్జిగలో ఉప్పేసుకుని తాగండి.

మాస్టారు_పీఈటీ:
చివరికి నా దారికే వచ్చారు. మజ్జిగ, అంబలి ఒకటే.

టెక్కలి_మందులకొట్టు:
ఒకటే ఎలా అవుతుంది మాస్టారూ.

పలాస_జీడితోట:
రాజాం అన్నా, ఆదివారం మాత్ర వేసుకుంటున్నావా లేదా, అది చెప్పు ముందు.

రాజాం_రోడ్డు:
ఆ మాత్రల పట్టీ తీసి ఇంట్లో పడేశాలే. మోకాలికి డాక్టరు దగ్గరికి వెళ్లమని మా ఆవిడ కూడా అదే గొడవ. మీరిద్దరూ ఒకే బడిలో చదివారా?

కోటగుమ్మం:
అక్కా, పిన్నీసు పద్ధతి చూశాను, బాగుంది. ఫోను చేతికి కట్టుకుంటే చెమటకి తెర పనిచేయట్లేదు, ప్లాస్టిక్ కవర్లో చుట్టాల్సి వస్తోంది. ఇంకో మాట, తొడల లోపల ఒరుసుకుపోయి మండుతోంది, దీనికేమైనా రాయాలా?

ఖాకీకల:
కొబ్బరి నూనె. వాసెలిన్ అయితే ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. లోపల కాటన్ వేసుకోకన్నా, తడిసి అట్టలా ఒరుస్తుంది, బిగుతుగా ఉండే సైక్లింగ్ షార్ట్ వేసుకో. మగాళ్లకి దూరం ఎక్కువైతే ఛాతీ దగ్గర కూడా బనీను రాసుకుని రక్తం వస్తుంది, అక్కడ ప్లాస్టర్ అంటించుకోవాలి, సిగ్గుపడి ఎవరూ చెప్పరు ఇది.

మాస్టారు_పీఈటీ:
మా రోజుల్లో ఆముదం.